మల్లేశం కూత

నేను ఒక అబద్ధం చెప్పాను. ఒకే ఒక్క మాట. దాన్ని ఇన్నేళ్లూ మోశానని రాయబోయి ఆగాను. మోసింది నేను కాదు, మల్లేశం. నేను దాచానంతే.

నిన్న మల్లేశాన్ని మట్టిలో పెట్టి వచ్చాం. జ్వరంతో పోయాడు. అక్కడ చేరినవాళ్లంతా దొరను తిట్టారు. దొర గడీకి తాళం వేసి పట్నం పారిపోయాడు గనక ఇప్పుడు తిట్టడం తేలిక. నేనూ తిట్టాను. అందరికన్నా గట్టిగా తిట్టాను. ఇంటికొచ్చాక నా గొంతు మీద నాకే అసహ్యం వేసింది. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే చెప్పలేనేమో.

మల్లేశం తండ్రి ఎల్లయ్యది ఉరికే వెట్టి. దొర ఎక్కిన కచ్చరం బండి ఊరు కదిలితే, ఎద్దుల ముందు ఒక మనిషి పరుగెత్తాలి. జీతం లేదు. కాదనడం లేదు. ఎల్లయ్యకు అప్పటికే దగ్గు పట్టుకుంది.

ఎండాకాలం చెరువు నీళ్లు వెనక్కి పోయాక, ఆ శిఖం భూమిలో చెడుగుడు ఆడేవాళ్లం. ఒక జట్టు గడీవాళ్లు, ఒక జట్టు ఊరివాళ్లు. మా నాన్న గడీలో గుమాస్తా కాబట్టి నేను గడీ జట్టు. ఆ సాయంత్రం దొర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఊరి జట్టులో ఆడుతున్న మల్లేశాన్ని చూసి దొర నవ్వాడు.

"ఏం రా, మీ అయ్యకు లేని దమ్ము నీకు యాడికెళ్లి వచ్చిందిర? గెలువు. గెలిస్తే మీ అయ్యను ఉరుకుడు నుంచి ఇడిసిపెడ్త."

వేళాకోళానికే అన్నాడు. కానీ ఊరంతా విన్నది. అంతమంది ముందు అన్న మాటను మింగడం దొరకైనా కష్టం.

మా ఆటలో ఒక కట్టు ఉంది. పట్టుబడ్డవాడి కూత తెగిందా లేదా అని తగాదా వస్తే, పట్టినవాణ్నే అడుగుతారు. అతని చెవే దగ్గర. ఎదుటి జట్టువాడైనా సరే, అతని మాటే తీర్పు. దానికి దొర కూడా అడ్డం చెప్పడు. మా ఊళ్లో దొర చెయ్యి చేరని చోటు బహుశా అదొక్కటే.

చివరికి మా జట్టులో నేను, వాళ్ల జట్టులో మల్లేశం మాత్రమే మిగిలాం. మల్లేశం కూత పెడుతూ వచ్చి నన్ను తాకి తిరిగాడు. నడుం పట్టి పడేశాను. ఇద్దరం మట్టిలో దొర్లాం. నా చెవి అతని నోటికి ఆనుకుని ఉంది. అతను నన్ను ఈడ్చుకుంటూ పాకి గీత మీద చెయ్యి వేశాడు. దమ్ము తెగిందని గడీవాళ్లు, లేదని ఊరివాళ్లు కేకలు.

ఆట పెద్ద ఇమాం సాబ్ వచ్చి మా మీదికి వంగాడు. "అందరు జర నోర్లు మూయుండ్రి. పట్టినోడు చెప్పాలె. చెప్పు బేటా, దమ్ము తెగిందా?"

"తెగింది" అన్నాను.

"గుమాస్తా కొడుకు గట్లగాక ఇంకెట్ల చెప్తడు!" అని ఊరివాళ్లలో ఎవరో అరిచారు.

మల్లేశం వాళ్ల మీదికి లేచాడు. "నోరు ముయ్యిర. అన్న చెవి నా నోటికాడ్నే ఉండె." తర్వాత నా వైపు తిరిగాడు. "నిజంగనె తెగిందా అన్నా? నాకు ఎర్కనే కాలే."

"తెగింది."

"అయితె తెగినట్టే" అని మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు.

ఎందుకన్నాను? దొర నన్ను అడగలేదు. సైగ చేయలేదు. అసలు నా వైపు చూడనే లేదు. నాన్న కొలువు పోతుందని భయపడ్డానని చాలాకాలం చెప్పుకున్నాను. నాలుగు పుస్తకాలు చదివినవాడికి చెప్పుకోవడానికి మంచి మాటలు దొరుకుతాయి. వాటితో తన మీద తానే జాలిపడగలడు కూడా. నిజం అంతకన్నా చిన్నది, నీచమైనది. ఊరంతా మల్లేశం పేరే అరుస్తోంది. నేను అంత గట్టిగా పట్టినా గెలిచాడు. అది నాకు కంటగింపైంది. అంతే. దానికోసం ఒక ముసలివాణ్ని ఎద్దుల ముందుకు తోశాను.

ఆ వానాకాలం, బొంగులూరు దాటాక, ఎల్లయ్య కచ్చరం ముందు పడిపోయాడు. దొర బండి దిగలేదట. ఎల్లయ్య ఊపిరి అందక అక్కడే పోయాడు. ఆ కొడుకు దమ్మునూ ఈ తండ్రి ఊపిరినీ పక్కపక్కన పెట్టి ఒక అందమైన వాక్యం రాయవచ్చు. రాయను.

మల్లేశం మళ్లీ ఆడలేదు. ఎవరు పిలిచినా, "నా దమ్మును నమ్మద్దు" అనేవాడు. నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. చెరువులో వల వేసిన రోజు మా ఇంటికి చేపలు తెచ్చేవాడు. నేను తిన్నాను.

నిన్న అతని భార్య ఏడుస్తూ అంది: "జరమొచ్చి పడ్డా గదే మాట. ఇంకొక్క గుక్క దమ్ము పట్టుంటె మా అయ్య బతుకుతుండె అని." నేను ఆమె పక్కనే ఉన్నాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నోరు తెరిచాను. తెరిచి దొరను తిట్టాను.

ఇమాం సాబ్ ఎప్పుడో పోయాడు. మల్లేశమూ పోయాడు. క్షమించమని అడగడానికి ఎవరూ మిగల్లేదు. మిగిలినా అడిగే ముఖం నాకు లేదు. రేపు మల్లేశం భార్యకు చెబుతానా? నా పిరికితనం నాకు తెలుసు. కాబట్టి ఇమాం సాబ్ అడిగినదానికి జవాబు ఇక్కడే రాస్తున్నాను.

చెయ్యి గీత మీద పడినప్పుడు కూత నా చెవిలో ఉంది. సన్నగా, గొంతు గీసుకుపోతూ, ఉంది. చెయ్యి పడ్డాక కూడా ఆగలేదు.

తెగలేదు.