చింతపండుతో తోమిన పిస్తోలు

మొన్న శనివారం నా పిస్తోళ్ళ జత కొనుక్కుంటానని ఒక పెద్దమనిషి మోరిస్‌విల్‌లో మా ఇంటికి వచ్చి, కిటికీ పక్కకి కుర్చీ లాక్కుని, భూతద్దం పెట్టి ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూస్తుంటే, బేరం మీద ఉండాల్సిన నా మనసు వంటింటి సింకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఇల్లు ఖాళీ చేసి హెర్న్‌డన్‌లో తన దగ్గరికి వచ్చేయమని మా అమ్మాయి పోరు పెడుతోంది కాబట్టి సరేనన్నాను గానీ, వాటిని అమ్ముతానని నేనెన్నడూ అనుకోలేదు.

మా రోజుల్లో ఈ అమెరికాకి వచ్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆఫీసు, అపార్ట్‌మెంటు, ఆదివారం ఎవరో ఒకరి హాల్లో తెలుగు ప్రార్థన, అంతకు మించి మనకి లోకం ఉండేది కాదు. అలాంటప్పుడు ఆఫీసులో నా పక్క సీటు ముసలాయన ఒకసారి పాత ఆయుధాల ప్రదర్శనకి తీసుకెళితే, అరచేతిలో ఇమిడే రెండు ఇత్తడి జేబు పిస్తోళ్ళు ఒకే పెట్టెలో, ఆకుపచ్చ ఉన్నిగుడ్డ మీద ఎదురుబొదురుగా పడుకుని కనిపించాయి. ఒకే పనివాడు చేసిన కవలలట. ఒకటి పోతే రెండోదాన్ని అడిగే నాథుడుండడని ఆయన చెప్పాడు. అంతే, నాకు పిచ్చి పట్టింది. తర్వాత ఇంకో నాలుగు జతలు కొన్నాను, అమ్మాను, ఈ మొదటిది మాత్రం ఉండిపోయింది. "బల్లిని చూసి మంచమెక్కే మనిషికి తుపాకులెందుకండీ" అని మా ఆవిడ ఏడిపించేది.

క్రిస్మస్ వస్తోందంటే మా గుంటూరు వైపు ఇంట్లో ఇత్తడి సామానంతా చింతపండుతో తోమాల్సిందే. ఆ రోజుల్లో ఇక్కడ మంచి చింతపండు దొరకడం గగనం. మా అత్తగారు సూట్‌కేసులో కుక్కి పంపిన ముద్దలోంచి మా ఆవిడ పులుసులోకి కూడా గోళీకాయంతే తీసేది. అలాంటిది ఒక ఏడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, ఆ చింతపండు గుజ్జుతోనే ఒక పిస్తోలు తళతళలాడేలా తోమి టవల్ మీద ఆరబెట్టి, రెండోది చేతిలోకి తీసుకుంటోంది. సాయంత్రం చర్చివాళ్ళు వస్తారు, నేను మురిసిపోయే వస్తువు వాళ్ళ కంటికి మాసిపోయి కనబడకూడదని ఆమె తాపత్రయం.

పాత వస్తువుకి ఏళ్ళు పట్టించిన ఆ నల్లరంగే ప్రాణమని, తోమితే జత చెడినట్టేనని ఆమెకి నేను ఎప్పుడూ చెప్పలేదు. తప్పు నాదే. అయినా అప్పుడే లోపలికొస్తున్న చర్చివాళ్ళ ముందే నోటికొచ్చినట్టు తిట్టాను, పల్లెటూరి బుద్ధి పోనిచ్చుకున్నావు కాదని కూడా అన్నాను. ఆమె చేతులు తుడుచుకుని, "మురికనుకున్నానండీ" అంది, అంతే. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఆ పెట్టె చుట్టూ దుమ్ము దులిపిందే గానీ పెట్టె మీద చెయ్యి వేయలేదు. నేనూ క్షమించమని అడగలేదు. మాట ఎత్తితే చిన్నవాణ్ణయిపోతానని ఒక రోషం, అదే పోతుందిలే అని ఒక బద్ధకం. మూడేళ్ళ కిందట ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమె ఉన్నన్నాళ్ళూ నేను ఏటా పెట్టె తెరిచి, ఆ మెరుపు ఎప్పటికి చస్తుందా అని చూసినవాణ్ణే. ఆమె పోయాక తెరవనేలేదు.

వచ్చినాయన భూతద్దం దించి, రెండూ ఒకే రంగులో ఉన్నాయి, ఎవరూ తోమని ఇలాంటి జత దొరకడం కష్టమని మెచ్చుకున్నాడు. ఒకప్పుడు ఆ మాట కోసమే పడిచచ్చాను. గబగబా లేచి రెండింటినీ వెలుతురులో పెట్టి చూసుకుంటే, ఆమె తోమిన ఆ మెరుపు దేని మీదా మిగల్లేదు. అమ్మనని చెప్పి పంపించేశాను. "డాడీ, ఓకే అన్నావు కదా, మళ్ళీ ఏమైంది?" అని అమ్మాయి ఫోన్లో విసుక్కుంది. 

ఇప్పుడు మోరిస్‌విల్‌లో ఏ మలుపు తిరిగినా మన కొట్టే, చింతపండు గుట్టలుగా పోసి ఉంటుంది. నిన్న ఒక ప్యాకెట్ తెచ్చి నానబెట్టాను. ఆ రోజు ఆమె చేతిలో ఆగిపోయిన రెండోదాన్ని నేనైనా తోముదామనుకున్నాను. రెండింటినీ టవల్ మీద పెట్టుకుని సింకు దగ్గర ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూశాను. ఆ రెండోది ఏదో నాకు తెలియలేదు.