మేఘాలమ్మాయి చివరి మాట

ఉగాండాలో విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కసెన్సెరో రేవులో లుబ్వామాను అందరూ వీజే అంటారు. ఒకప్పుడు చేపలు ఎండబెట్టేవాడు. ఇప్పుడు వీడియో హాల్లో తెర పక్కన స్టూలు వేసుకుని, మైకు పట్టుకుని, బొమ్మ కదులుతుండగానే కథంతా తమ లుగాండా భాషలో చెప్పుకుపోతాడు. తెలిసిన భాషైతే ఉన్నదున్నట్టు చెబుతాడు. తెలియనిదైతే మొహాలు చూసి అల్లుతాడు. ఏ దేశపు విలనైనా ఇతని నోట్లో పడితే చేపల దళారీ అయిపోతాడు. జనానికి అదే ఇష్టం.

ఎక్కువసార్లు ఆడింది మాత్రం ఒక చైనా సినిమా. మేఘాల్లోంచి దిగివచ్చిన అమ్మాయి పడవవాణ్ణి ప్రేమిస్తుంది. చివర్లో వానలో ఒడ్డున నిలబడి అతనితో ఏదో చెప్పి పైకి వెళ్లిపోతుంది. ఆ చెప్పిందేమిటో లుబ్వామాకు తెలియదు. మొదటిసారి వేసినప్పుడు హాలంతా ముక్కులు చీదుతోంది. ఆ ఊపులో, "నా కోసం ఎదురుచూడు. సరస్సు నిండిన ఏడాది తిరిగొస్తా" అనేశాడు. ఆ మాట రేవంతా పాకింది. దీవులకు వేటకెళ్లే మగవాళ్లు పెళ్లాలతో నవ్వుతూ అదే అనేవారు.

నంటుమే మొగుడు కిగోజీ కూడా అలాగే అని పడవెక్కాడు. మళ్లీ రాలేదు. మునిగిపోయాడో, దీవిలో ఇంకొకతెను కట్టుకున్నాడో ఎవరికీ తెలియదు. నంటుమే హాలు గుమ్మం పక్కన చపాతీలు కాలుస్తుంది. ఆ సినిమా వేసినప్పుడల్లా చివరి ఘట్టానికి పొయ్యి వదిలి లోపలికొస్తుంది. నిలబడే చూసి, వెళ్లి మళ్లీ పిండి పిసుకుతుంది.

నిరుడు అదే సినిమాకి కొత్త డిస్కు వచ్చింది, బొమ్మ కింద ఇంగ్లీషు అక్షరాలతో. హాలు తెరవకముందు లుబ్వామా ఒక్కడే వేసుకుని చూశాడు. "నా కోసం ఎదురుచూడకు. నేనిక రాను. ఇంకొకరితో బతుకు" అంటోంది ఆ అమ్మాయి. డిస్కు తీసి పెట్టె అడుగున పడేశాడు. ఆ తర్వాత కూడా పాతదే ఆడించాడు. నంటుమే చపాతీ ఇవ్వబోతే మాత్రం అప్పటినుంచి ఆకలి లేదని చెప్పి తప్పించుకునేవాడు.

ఒక రోజు ఆమే వచ్చింది.

"వీజే అన్నా, శనివారం మేఘాలమ్మాయిని వెయ్యవూ?"

"ఎన్నిసార్లు చూస్తావమ్మా? నీ చూపుకే అరిగిపోయింది."

"ఆదివారం సెరువడ్డా మేనత్త జవాబు కోసం వస్తోంది."

సెరువడ్డా వలలు బాగుచేస్తాడు. పెళ్లాం పోయింది. నెమ్మదైనవాడు. నంటుమేను చేసుకుంటానని మేనత్తతో అడిగించాడు.

"సినిమా చూసి పెళ్లికి ఒప్పుకుంటారా ఎవరైనా?"

"ఒప్పుకోడానికి కాదన్నా, కాదనడానికి. మొన్న వానకి నా పొయ్యి మీద రేకు కప్పి పోయాడు. అడగనైనా అడగలేదు. మనసు జారుతోంది. ఆ మాట ఒక్కసారి వింటే నిలబడతా."

శనివారం లుబ్వామా కొత్త డిస్కు వేశాడు. వాన ఘట్టం వచ్చేసరికి నంటుమే పిండి చేతులతో వచ్చి గోడకానుకుంది. అతను నేల చూస్తూ, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

వెనకనుంచి ఎవడో అరిచాడు. "ఏం వీజే, పగలే పట్టించావా?"

"మా పిల్ల అలా అనదురా. లేని మాట దాని నోట్లో పెట్టకు" అన్నాడు ఇంకొకడు.

సగం తిన్న మొక్కజొన్న పొత్తు వచ్చి అతని భుజానికి తగిలింది.

ఆట అయ్యాక లుబ్వామా బయటికొచ్చేసరికి నంటుమే పొయ్యి ఊదుతోంది.

"ఇలా చెప్పమని సెరువడ్డా నిన్ను బతిమాలాడా అన్నా?"

"కాదమ్మా. అసలు మాట అదే. కింద రాసి కూడా ఉంది. చదవొచ్చినవాళ్లనెవరినైనా అడుగు."

"మరి ఇన్నేళ్లూ చెప్పింది?"

"నేనే అల్లాను."

ఆమె తలెత్తి అతని మొహం చూసింది. "అల్లడం నీకు వచ్చని నాకు తెలీదా? ఇవాళ అల్లావు, నామీద జాలితో. నిజం చెప్పేవాడి మొహం ఇలా ఉండదు. ఎప్పుడూ నాకేసి చూస్తూనే ఆ మాట చెప్పేవాడివి. ఇవాళ నేల చూశావు."

అతను భుజానికి అంటుకున్న మొక్కజొన్న గింజ దులుపుకున్నాడు.

"పోనీలే, నా మంచి కోరే చేశావు" అని ఆమె వేడి చపాతీ కాగితంలో చుట్టి అతని చేతిలో పెట్టింది.

ఆదివారం సెరువడ్డా మేనత్త వచ్చిన దారినే వెళ్లిపోయింది. రేకు మాత్రం పొయ్యి మీద అలాగే ఉంది.

పై శనివారం జనం పాత డిస్కే వేయాలని పట్టుబట్టారు. చివరి ఘట్టంలో లుబ్వామా మైకు ఒళ్లో పెట్టేసుకున్నాడు. "నా కోసం ఎదురుచూడు" అని హాలే చెప్పింది, అందరూ ఒక్క గొంతుతో. గోడ దగ్గర నుంచి నంటుమే గొంతు అతనికి విడిగా వినపడింది.