మా మరిదిగారి ఎర్రబండి

మా మరిదిగారు ఫైరింజన్ డ్రైవరు. ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు, ఆయనే చెబుతారు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా "మా స్టేషన్లో అయితే" అనే మొదలుపెడతారు. జ్వరం ఎన్నాళ్ళ నుంచని డాక్టరు అడిగితే "యూనిఫాం వాళ్ళం, మాకు జ్వరాలేంటి సార్" అన్నారు, వణుకుతూ.

ఆ ఉద్యోగం రాకముందు ఆయన ఇంట్లో పుల్ల తీసి పక్కన పెట్టి ఎరగరు. తిన్న కంచం తీయాలన్నా నేనే వెళ్ళాలి. అలాంటి మనిషి చేతికి ఎర్రబండి ఇచ్చారో లేదో, ఎక్కడలేని ఓపికా పుట్టుకొచ్చింది. పొద్దున్నే బండి కడగడం, మెత్తటి గుడ్డతో తుడవడం, దాని తలుపులో మీసం చూసుకోవడం, మళ్ళీ తుడవడం. కడగడానికి వేరే నీళ్ళెందుకు, బండిలో నీళ్ళే. అదేంటయ్యా అంటే "ట్యాంకులో నిలవుంటే వాసనొస్తాయి వదినా" అన్నారు. ఊరు ఆయనకు తుడుపుదొర అని పేరు పెట్టింది. అందులో దొర అన్న ముక్క ఒక్కటే ఆయన చెవికెక్కింది.

"ఆ బండిని చూసే చూపులో పావు వంతు నన్ను చూస్తే చాలక్కా," అని ఆయన భార్య, మా తోటికోడలు, ఒకసారి నాతో అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

మా ఇళ్ళు తారురోడ్డుకి బాగా లోపల, దిగువ వీధిలో ఉన్నాయి. రోడ్డు నుంచి అక్కడికి ఒక మట్టిదారి, దానికి రెండు వైపులా ముళ్ళకంచె. ఎండాకాలం బావులు అడుగంటితే మంటలార్పే బండ్లతోనే ఊళ్ళకు నీళ్ళు తోలిస్తారు. అందులో పెద్ద విద్యేమీ లేదు. బండి వీధి మధ్య ఉన్న సిమెంటు తొట్టి దాకా రావాలి, పైపు తగిలించి తొట్టి నింపాలి, వెళ్ళిపోవాలి. మిగతా ఊళ్ళన్నిటికీ వేరే డ్రైవర్లు వెళ్ళేవారు, తొట్లు నిండేవి. మా ఖర్మ కాలి మా వీధికి మా మరిదిగారు వచ్చేవారు. ఆయన తారురోడ్డు దిగేవారు కాదు.

"లోపలికి తెచ్చి తొట్టి నింపొచ్చుగా," అని మొదటి ఏడాదే అడిగాను.

"దారి చాలదు వదినా. ముళ్ళు గీసుకుంటే రంగు పోతుంది."

"పోనీ పైపులు కలిపి లాగు."

"రాళ్ళ మీద లాగితే చిరుగుతాయి. నీకు తెలీదులే, ఇదంతా టెక్నికల్."

టెక్నికల్ అట. ఆ టెక్నికల్ పుణ్యమా అని వీధిలో ఆడవాళ్ళందరం బిందెలూ బకెట్లూ పట్టుకుని రోడ్డు దాకా నడిచేవాళ్ళం, మోసుకొచ్చేవాళ్ళం, మళ్ళీ నడిచేవాళ్ళం. ఆయన పైపు చివర పట్టుకుని వరాలిస్తున్నవాడిలా నిలబడేవారు. బండి మీద చుక్క చిందితే ముందు అది తుడిచి, తర్వాతే బిందె నింపేవారు. ఒకావిడ నిండు బిందెతో జారిపడి మోకాలు చీరుకుంటే, బురద చక్రాలకు అంటుతుందని ఆవిణ్ణి అవతలికి జరిగి లేవమన్నారు. మా ఆయన మెతక మనిషి. "వాడి గోల వాడిది, పోనీలే" అనేవాడు. మీ తమ్ముణ్ణి మీరే నెత్తికెక్కించుకున్నారని నేను రోజూ పోట్లాడేదాన్ని.

మాకో ఆవు ఉండేది. టీ కొట్లకు దాని పాలు పోస్తేనే మా ఇల్లు గడిచేది. అది పోతే మాకు ఇంకో దారి లేదు. ఆ మాట పక్కన పెట్టినా, నాకు దానిమీద ప్రాణం. నా అడుగుల చప్పుడు వింటే చాలు, మేత వదిలేసి తల ఎత్తేది. ఆ వేసవిలో అది నిండు చూలుతో ఉంది.

ఒక మధ్యాహ్నం గడ్డివాముకి నిప్పంటుకుంది. ఎలా అంటుకుందో ఈ రోజుకీ తెలీదు. వామును ఆనుకునే పశువుల పాక, పాకలో ఆవు. ఫోను చేస్తే బండి గంట మోగించుకుంటూ తొందరగానే వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. వచ్చి, రోడ్డు మీద ఆగింది. ఇక్కడి నుంచి నేను వాణ్ణి గారు అనలేను.

వాడు దిగి పైపులు కలిపాడు. లాక్కుంటూ వస్తే సగం దారిలోనే అయిపోయాయి.

"మిగతా పైపులేవిరా?" అన్నాడు మా ఆయన.

"పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడన్నయ్యా. కడిగి, చుట్టి, స్టేషన్లో పేర్చాను."

"అయితే బండి లోపలికి తే," అన్నాను.

"దారి చాలదని చెప్పాగా వదినా. ఇరుక్కుంటే ఎవరికీ పనికిరాకుండా పోతుంది."

వాడితో వాదించే వేళ కాదు. ఆడవాళ్ళు అప్పటికే బిందెలతో వరస కట్టారు. ఎవరు ఎక్కడ నిలబడాలో ఒకరు చెప్పాల్సిన పని లేదు, ఏళ్ళ తరబడి నడిచిన దారే. చేతులు మారుతూ నీళ్ళు వచ్చాయి, ఇల్లు దక్కింది. మా ఆయన పాకలోకి దూరి ఆవు తాడు కోశాడు. రెండు చేతులూ బొబ్బలెక్కాయి. ఆవు తన కాళ్ళ మీద తనే బయటికి వచ్చింది, ఒళ్ళంతా కాలి. తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పొద్దు వాలేదాకా ఉండి, కడుపులో దూడతో సహా పోయింది. నేను పసిపిల్లలా ఏడ్చాను.

"ఇల్లు దక్కింది కదా వదినా, సంతోషించాలి," అన్నాడు వాడు, పైపులు చుట్టుకుంటూ.

రెండు రోజుల తర్వాత, తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు, రిపోర్టు రాయాలి, కాలిన చోటు చూస్తానన్నాడట. ఎర్రబండిలోనే ఎక్కి వచ్చాడు. మేమంతా దారి మొగదల నిలబడ్డాం. బండి యథాప్రకారం రోడ్డు మీద ఆగింది. ఆఫీసరు తలుపు తెరిచి కింద మట్టి చూశాడు, తన బూట్లు చూసుకున్నాడు, తలుపు మళ్ళీ వేసుకున్నాడు.

"లోపలికి పోనివ్వవయ్యా."

"అలాగే సార్," అన్నాడు మా మరిది.

బండి మట్టిదారిలోకి దిగింది. మేము దాని పక్కనే నడిచాం. కంచెకీ బండికీ మధ్య మనిషి బిందె చంకన పెట్టుకుని నడిచేంత చోటుంది. అటువైపూ అంతే. ఎక్కడా ఇరుక్కోలేదు, ఒక్క కొమ్మా తగల్లేదు. తిన్నగా వచ్చి సిమెంటు తొట్టి పక్కన ఆగింది.

ఆఫీసరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని బూడిద వైపు వెళ్ళాడు. వాడు కిందికి దిగి, బండి చుట్టూ తిరిగి, రెండు పక్కలా అరచేత్తో నిమిరి చూసుకున్నాడు. తర్వాత నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"చూశావా వదినా, ఒక్క గీత పడలేదు," అన్నాడు. మెచ్చుకుంటాననుకుని నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.