ఆ జడ ఎవరిది

గొడవంతా పేపర్లో పడ్డ బొమ్మతో మొదలైంది. మా చిన్నప్పుడు పిఠాపురంలో మా ఇంటి మేడమీద గదిలో ఒక డ్రాయింగు మాస్టారు అద్దెకుండేవారు. ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన వేసిన బొమ్మలన్నీ ఆయన పిల్లలు రాజమండ్రిలోని చిత్రశాలకి ఇచ్చేశారని ఈమధ్య పేపర్లో వేశారు. పక్కనే అగ్గిపెట్టెంత నలుపూ తెలుపూ ఫోటో. అందులో ఒక ఆడపిల్ల వీపు ఇటు తిప్పి, డాబామీద పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. నడుము దాటి దిగిన పూలజడ. ముఖం కనబడదు.

కనబడకపోతేనేం, అది నేనే! కాఫీ తాగుతున్నదాన్ని గ్లాసు పక్కన పెట్టేసి ఇంటిల్లిపాదికీ చూపించాను. చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మీరు అంత సన్నగా ఉండేవారా అత్తయ్యగారూ?" అంది మా కోడలు. ఉండేదాన్నమ్మా, పుట్టుకతోనే ఇలా ఉంటామా ఎవరమైనా అన్నాను. ఆ వెంటనే తునికి ఫోన్ చేశాను.

తునిలో ఉండేది నా చిన్ననాటి స్నేహితురాలు. పిఠాపురంలో ఒకే బెంచీ మీద చదువుకున్నాం. అది టీచరై రిటైరైంది, నేను పెళ్ళై సామర్లకోట వచ్చి బట్టల కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. నా మాటంతా ఓపిగ్గా విని, పిల్లల నోటుబుక్కులో తప్పు దిద్దినట్టు నిదానంగా, "అది నువ్వు కాదే. నేను," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

చిన్నప్పుడు ఆ పూలజడల రోజు జరిగింది చెప్పాలి. నా స్నేహితురాలి నాన్నగారు బాప్టిస్టు చర్చిలో పెద్ద. గట్టిగా మాట్లాడి ఎరగరు, మహా మంచాయన. కానీ ఆ ఇంట్లో ఆడవాళ్ళు పూలు పెట్టుకోరు. మేమేమో బజార్లో కిరాణా కొట్టువాళ్ళం, వేసవి వచ్చిందంటే మా అమ్మకి మల్లెమొగ్గల పిచ్చి. ఆ మధ్యాహ్నం అమ్మ నా జడకి మొగ్గలు కుడుతుంటే ఇది పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇస్తోంది. దాని ముఖం చూసి మా అమ్మ ఉండబట్టలేకపోయింది. "రావే, నీకూ వేస్తాను. ఇంటికెళ్ళేలోపు తీసేద్దాంలే," అంది. మా అక్కకీ నాకూ ఒకే తానులో కుట్టించిన పట్టు పరికిణీలుంటే, అక్కది దానికి కట్టింది.

తర్వాత అక్క నన్ను ఫోటో స్టూడియోకి తీసుకెళ్ళింది. వెనకాల నిలువుటద్దం పెట్టి ముఖమూ జడా రెండూ పడేలా తీసేవారు. ఇది మాత్రం రానంది. బజార్లో వాళ్ళ నాన్నగారి కంట పడతానని భయం. మేం వచ్చేదాకా డాబామీదే ఉంది.

"మరి నువ్వు స్టూడియోలో ఉంటే డాబామీద ఎవరున్నారే?" అని ఇప్పుడు దాని వాదన. తిరిగొచ్చి నేనూ డాబా ఎక్కాను కదా, మాస్టారు నన్నూ చూశారు కదా అని నాది. వారం రోజులు ఫోన్లో ఇదే గోల. మా ఆయన విసుగెత్తి టీవీ సౌండు పెంచడం మొదలెట్టారు. ఇది ఇలా తేలేది కాదు, వెళ్ళి బొమ్మనే చూద్దాం పదవే అన్నాను.

అది తునిలో ఎక్కిన బండిలోనే నేను సామర్లకోటలో ఎక్కాను. నా కోసం కిటికీ సీటు ఆపి, దానిమీద హ్యాండ్‌బ్యాగు పెట్టి కాపలా కాస్తోంది. అనపర్తి దాకా మోకాళ్ళ నొప్పులు మాట్లాడుకున్నాం. ద్వారపూడి దాటాక అదే ఎత్తింది.

"నీకు ఆ ఫోటో ఉందే. అద్దంలో నీ జడ నువ్వు చూసుకున్నావు. నేను చూళ్ళేదు. తల తిప్పితే వీపు కనపడుతుందా ఏంటి? సాయంత్రం మీ అమ్మగారు విప్పుతుంటే మొగ్గలు ఒళ్ళో రాలాయి, అంతే నేను చూసింది. మళ్ళీ ఎప్పుడూ పెట్టుకోలేదు, మా అత్తారిల్లూ అలాంటిదే. దానికి నాకేం బాధ లేదు. ఆ ఒక్కటీ ఎలా ఉందో చూడాలని మాత్రం ఉంది."

"చూద్దాంలే," అన్నాను. జాలేసింది. అయినా ఆ జడ నాదే కావాలన్న ఆశ పోలేదు. నా బుద్ధి అలాంటిది, ఏం చెయ్యను.

చిత్రశాలలో మేమిద్దరమే. ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్న కాపలా ఆయన మమ్మల్ని చూసి లేచి లైట్లు వేశాడు. గోదారి పడవలూ, కొబ్బరితోటలూ, ఎవరో జమీందారుగారి మీసాలూ గబగబా దాటేశాం. "కాస్త నిదానంగా చూడవే, డబ్బులిచ్చి లోపలికొచ్చాం," అంటూనే అది నాకంటే ముందు నడుస్తోంది. రెండో గది చివర్లో ఉంది మా బొమ్మ.

పేపర్లో చూసిందానికీ దీనికీ పోలికే లేదు. నిలువెత్తు బొమ్మ, ముదురు నీలం పరికిణీ, మొగ్గల తెలుపు. అది ఆవిరి పట్టిన కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంటోంది. ఈలోగా నేను జడని పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాను. మోకాళ్ళ పైన తెలుపు ఆగిపోయింది. అక్కణ్ణించి కొసదాకా ఆకుపచ్చ.

మరువం.

దాని జుట్టు నాకన్నా జానెడు పొడుగు. మొగ్గలు చాల్లేదు. "పెరట్లోకెళ్ళి మరువం తుంపుకురావే," అని అమ్మ నన్నే పంపింది. "కొస ఎవరు చూస్తార్లే," అంటూ కుట్టేసింది. నా జడకి చివరంటా మొగ్గలే, ఇంట్లో ఫోటోలో స్పష్టంగా ఉన్నాయి. దీని వీపు వెనక కుట్టింది దీనికి తెలియదు. అమ్మా లేదు, అక్కా లేదు. తెలిసినదాన్ని ఇక నేనొక్కదాన్నే.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. వాట్సాప్‌లో అందరూ చప్పట్లు కొట్టేశారు, ఇంటికెళ్ళి కోడలికేం చెప్పుకోను? కానీ అది కళ్ళజోడు పెట్టుకుని చూస్తోంది. ఏమీ పోల్చుకోలేక నా వైపు తిరిగింది.

"నీదేనే," అన్నాను.

"ఊరుకో, జాలిపడి అనకు."

"నేను జాలిపడే మనిషినా? ఆ పచ్చగా ఉన్నది చూడు. నీకు మొగ్గలు చాలకపోతే మరువం తెచ్చిచ్చింది నేనే."

"మరువమా! వాసన వస్తూనే ఉందే ఆ రోజంతా. మీ పెరట్లోదనుకున్నాను," అంది. దాని చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళి, ఉసిరికాయంత ముడిని తడుముకుంది. కళ్ళనిండా నీళ్ళు.

నాకు లోపల చురుక్కుమంది. లేదని అబద్ధమెందుకు? కాసేపే. అది మెడ వంచి ఆ బొమ్మని చూస్తుంటే అంతకన్నా సంతోషంగా ఉంది. అమ్మ ఎవరూ చూడరనుకున్న కొసని మాస్టారు ఆకు ఆకూ విడదీసి వేశారు. అది నడుము పట్టుకుని వంగింది. బొమ్మని ఆనుకునేంత దగ్గరికి వెళ్ళిపోయింది.

"ముట్టుకోకండమ్మా," అన్నాడు కాపలా ఆయన.

"ఆవిడ జడేనండీ అది, చూసుకోనివ్వండి," అన్నాను.

ఆయన మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. అది ఇంకా వంగే ఉంది.

"బావుంది కదే?" అంది, తల తిప్పకుండా.

"బావుండక ఛస్తుందా? మా అమ్మ వేసింది."