చింతపండుతో తోమిన పతకం

పోయిన శుక్రవారం అల్ ఖౌద్‌లోని మా రూమ్‌లో, నాతో ఏళ్ల తరబడి ఉంటున్న మేస్త్రి నా పతకాల పెట్టె తెరిచి, ఒక్కొక్కదాన్నీ మంచం మీద పరిచి, వీడియో తీసి మా జిల్లావాళ్ల గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికల్లా పొగడ్తలు వచ్చిపడ్డాయి. "అన్నా, మ్యూజియం పెట్టరాదే" అని కూడా ఎవరో రాశారు. మధ్యలో ఎర్రగా మెరుస్తున్న ఆ పెద్ద పతకం ఎక్కడిదని చాలామంది అడిగారు. ఒక ముసలి సిపాయి ప్రేమతో ఇచ్చాడని రాశాను. అది అబద్ధం. నాలాగే గల్ఫ్‌లో నెత్తి నెరిసినవాళ్లు చదువుతారనే నమ్మకంతో ఆ నిజం ఇక్కడ రాస్తున్నాను.

నేను వచ్చిన కొత్తలో మా కంపెనీ పెళ్లిళ్లకూ సభలకూ డేరాలు, కుర్చీలు వేసేది. ఏటా చలికాలంలో ఖురియాత్‌లో పదవీ విరమణ చేసిన సిపాయిలు ఒక పూట కలుసుకునేవారు. కుర్చీల డ్యూటీ నాది. వెనకటి కలయికల గుర్తుగా చేయించుకున్న పతకాలు ఛాతీకి తగిలించుకుని, కాఫీ తాగుతూ, పడుచువాళ్లలా ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. ఒకటికి రెండున్నవాళ్లు, కుర్చీలు మడతపెడుతున్న నా జేబులో ఒకటి పడేసి వెళ్లేవారు. ఈ పిచ్చి అలా మొదలైంది.

వాళ్లలో ఉర్దూ బాగా వచ్చిన బలూచీ పెద్దాయన ఒకరుండేవారు. నేను బాబా అని పిలిచేవాణ్ణి. ఆయన ఇంట్లో పనిచేసే కడప అక్క నన్ను చూసినప్పుడల్లా, "ఏమబ్బీ, పెండ్లాం బిడ్డలు నీకోసం ఎదురుచూస్తాంటే నువ్వు ఈ బిళ్లలు ఏరుకుంటా తిరుగుతాండావా?" అని ఎగతాళి చేసి, ఆ నోటితోనే తిని పొమ్మని పళ్లెం పెట్టేది.

బాబా పతకం అందరి పతకాల వంటిది కాదు. కొండల్లో ఒకే చౌకీలో కాపలా ఉన్న పదమూడు మంది పేర్లు దాని వెనక నల్లటి సన్నని అరబీ అక్షరాలలో ఉండేవి. ఏటా భోజనాలకు ముందు ఆయన దాన్ని తిప్పి ఒక్కో పేరూ చదివేవారు. బతికున్నవాడు "హాజిర్" అనేవాడు. పోయినవాడి పేరు వస్తే మిగిలినవాళ్లంతా ఒక్క గొంతుతో "హాజిర్" అనేవారు. అది వింటూ నేను కుర్చీలు సర్దడం మరిచి నిలబడిపోయేవాణ్ణి.

ఒక ఏడు, కలయికకు రెండు వారాల ముందు, రిబ్బన్ చిరిగిందని, అల్ ఖౌద్‌లో దర్జీ చేత కొత్తది కుట్టించి తెమ్మని పతకం నా చేతికిచ్చారు. "సిర్ఫ్ రిబ్బన్, బేటా" అన్నారు, రిబ్బన్ ఒక్కటే అని. నా కంటికి అది మసిబారినట్టు కనిపించింది. ఆయనను మురిపించాలని, మా అమ్మ పండగ ముందు ఇత్తడి బిందెలు తోమినట్టు, చింతపండూ ఉప్పూ వేసి గంటసేపు తోమాను. వెనక అక్షరాలున్నాయని నాకు తెలుసు. కానీ మా బిందెల మీద నాన్న పేరు కొట్టించి ఉండేది. ఎన్నేళ్లు తోమినా అది పోలేదు. పేరంటే లోహంలోకి దిగే ఉంటుందనుకున్నాను. ఇవి పైపైన రాసినవని తెలియలేదు. కడిగి చూస్తే వెండి పూత లేచిపోయి రాగి బయటపడింది; వెనక ఒక్క అక్షరం మిగల్లేదు.

అంతవరకు అది తెలియక చేసిన పని. నాలుగు రోజులు ఆయన ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. ఐదో రోజు బాబా స్వయంగా సైట్‌కు వచ్చి అడిగితే, మొన్ననే మీ గేటు దగ్గర అక్క చేతికిచ్చానని చెప్పాను. ఆయన నమ్మారు. అక్క నాకు ఫోన్ చేసి, "మర్చిపోయింటావబ్బీ, బాగా యోచన చెయ్. నా చేతికెప్పుడిచ్చినావు?" అని బతిమాలింది. నన్ను దొంగ అని కూడా అనలేదు, మర్చిపోయి ఉంటావనే అంది. అప్పుడైనా చెప్పేయవలసింది. "ఇచ్చిన గదక్కా" అన్నాను. వారం తిరక్కుండానే ఆమెను ఊరికి పంపేశారు.

ఆ ఏడూ కుర్చీలు నేనే వేశాను. బాబా వట్టి చేతులతో నిలబడి, కళ్లు మూసుకుని, పేర్లు గుర్తు చేసుకుంటూ చెప్పారు. తొమ్మిది చెప్పి ఆగిపోయారు. ముసలివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు గానీ పదో పేరు ఎవరికీ తట్టలేదు. "చలో, ఖానా ఖావో" అని చివరికి అందరినీ భోజనాలకు లేపారాయన. మరుసటి ఏడు రాలేదు. ఆ పైయేడు పోయారని తెలిసింది.

వీడియో పెట్టిన మర్నాడు, నంబరు సంపాదించి అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"నన్ను దొంగ అనుకున్న ఆ ముసలాయన సచ్చిపోయినాడు. ఊళ్లో అనుకున్నోళ్లు బతికే ఉండారు. నా బిడ్డ గూడా అట్నే అనుకునింది. వాళ్లకు నువ్వొచ్చి చెప్తావా?"

వస్తానన్నాను.

"రావద్దులే" అని పెట్టేసింది.

గ్రూపులోనూ నిజం రాశాను. "పోనీ తియ్యే అన్నా, పాత ముచ్చట" అన్నారొకరు. ఖురియాత్‌లో ఆ కలయికలు ఆగిపోయి చాలాకాలమైంది. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో నాకు తెలిసినవారెవరూ ఇప్పుడు లేరు, వాళ్ల పతకాలు మాత్రం నా మంచం కింద ఉన్నాయి. అక్క దొంగ కాదని ఇంత ఆలస్యంగా రాస్తే ఆమెకు ఒరిగేదేమీ లేదని తెలిసీ రాస్తున్నాను. ఆ పదమూడు పేర్లనూ ఆఖరుసారి చూసినవాణ్ణి నేను. నాకు అరబీ చదవడం రాదు.