చేత్తో చూశారా?

వార్డులో ట్యాబ్ తెరిస్తే టింగుమని చిన్న చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వినగానే ఇప్పటికీ ట్యాబ్ ఓసారి పక్కన పెడుతున్నాను. వరలక్ష్మి మేడం పోయారన్న మాట ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆమెది నాతవరం దగ్గర పల్లె. నర్సీపట్నంలో మా ఆసుపత్రిలోనే నర్సుగా చేరారు. తర్వాత నర్సులు కంప్యూటర్లో రోగి వివరాలు రాసే పద్ధతి మీద డాక్టరేట్ చేసి, విశాఖ కాలేజీలో అదే పాఠం చెప్పేవారు. మా నర్సులకు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు నేర్పడానికి వచ్చారు. మొదటిరోజు నేను మంచం పక్కన నిలబడి ట్యాబ్‌లోకే చూస్తున్నాను. “ఏటమ్మా, జొరం ఆ ట్యాబ్‌కొచ్చిందేటి? దాన్నే సూస్తన్నావు!” అన్నారు. మంచం మీది ముసలాయన కూడా నవ్వాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆయన మణికట్టు మీద పెట్టారు.

నాడి లెక్క మానిటరు నుంచి దానంతటదే ట్యాబ్‌లో పడుతుంది. దాన్ని అలాగే సేవ్ చెయ్యకుండా మేడం ఒక ప్రశ్న పెట్టించారు: చేత్తో చూశారా? ‘అవును’ నొక్కితేనే ముందుకు పోతుంది. “చూడకుండానే నొక్కేస్తారండీ” అని సాఫ్ట్‌వేర్ అబ్బాయి గొణిగాడు. “నొక్కనీ బాబూ. అబద్ధమాడే ముందు ఒక్క పాలి ఆగుతారు కదా.” మేము ఏడిపించేవాళ్లం: “మీరు అడ్మిటైనా అడుగుతుందా మేడం?” “అడక్కపోతే నేనే లెగిసొచ్చి అడుగుతాను, సూడు.”

ఒక గురువారం మా దగ్గర కొత్త నర్సులకు పాఠం చెబుతూ మధ్యలో ఆగారు. “మంచినీళ్లియ్యమ్మా, బేగి” అన్నారు నాతో. గ్లాసు అందించేలోపే కుర్చీలోంచి ఒరిగిపోయారు. కింద క్యాజువాలిటీలో డాక్టరుగారు చాలాసేపు ప్రయత్నించి, ఛాతీ మీంచి చేతులు తీసేసి, ప్రాణం పోయిన టైము చెప్పారు. రికార్డు రాయాల్సింది నేనే. ట్యాబ్ తెరిచాను. పేరు, వయసు రాశాను. నాడి దగ్గర సున్నా పడి ఉంది. సేవ్ నొక్కాను.

చేత్తో చూశారా?

‘అవును’ నొక్కితే సరిపోయేది. డాక్టరుగారు చూసేశారు కదా. నా వల్ల కాలేదు. ట్యాబ్ పక్కన పెట్టి ఆమె మణికట్టు పట్టుకున్నాను. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. పొద్దున నాకు టీ అందించిన చెయ్యి. “అయిపోయిందమ్మా” అన్నారు డాక్టరుగారు. “చూస్తున్నానండీ” అన్నాను. నిమిషం నిండేదాకా చూశాను. ఏమీ లేదు. అప్పుడు నొక్కాను.

ఇప్పుడు ఆ పాఠం నేను చెబుతున్నాను. ఈ ప్రశ్న ఎందుకని ఎవరో ఒక కొత్తమ్మాయి విసుక్కుంటుంది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకెళతాను.