వెళ్ళని మూడు చోట్లు

ఈ ఉదయం ఆఫీసులో ఒక మట్టి నమూనా కవరు విప్పగానే తడి నల్లమట్టి వాసన గుప్పుమంది. పక్క సీటు అమ్మాయి ముక్కు మూసుకుంది. నాకు మాత్రం ఎల్లవ్వ పక్కన కూర్చున్నట్టనిపించి, కవరు మూయబుద్ధి కాలేదు.

ఎల్లవ్వది లాల్‌గడి మలక్‌పేట్. ఊరి చివరి చిత్తడిలో గడ్డి కోసి రెండు బర్రెలను సాకేది. నేనేమో మేడ్చల్ కాలనీ నుంచి ట్యాబ్ పట్టుకుని వెళ్ళేదాన్ని. ఆకులూ వేళ్ళూ నీళ్ళలో నాని, సగం కుళ్ళి పొరలుగా పేరుకున్న నేలను పీట్ అంటారు. అది మన వైపు ఎక్కడెక్కడ ఉందో వెతికి కంప్యూటర్ మ్యాపులోకి ఎక్కించడం మా పని. ఇక్కడ పీటేమిటని నవ్వినవాళ్ళే అందరూ. ఎల్లవ్వ నవ్వలేదు. చెప్పులు విప్పించి, మడమతో నేలను గట్టిగా తొక్కించి, ఆ గుంతలో నీళ్ళు ఊరేదాకా కదలనిచ్చేది కాదు. పైన ఎండి నెర్రెలిచ్చిన చోట కూడా ఊరేవి. ఆగలేక కాలు తీస్తే తిట్టేది. అబ్బ, ఆ తిట్లు ఎంత ముద్దుగా ఉండేవో!

ఒక మే నెల మధ్యాహ్నం ఎండకు తాళలేక, తూర్పు అంచున మూడు చోట్లకు వెళ్ళకుండానే, కారులో కూర్చుని ‘పొడినేల, పీట్ లేదు’ అని నింపేశాను. ఆ అంచును ప్లాట్ల కోసం పూడ్చడానికి అప్పటికే మట్టి లారీలు వచ్చి ఉన్నాయి. మా మ్యాపులో పీట్ లేదని ఉంటేనే అనుమతి ఇస్తారు. ఆ సంగతి తెలిసే రాశాను, అంత బద్ధకం నాకు.

మర్నాడు ఎల్లవ్వ, ఏం రాశావో చదివి వినిపించమంది. చదివాను.

“గాడికి పోయినవా బిడ్డా?”

లేదన్నాను. ఆమె కొడవలి కింద పెట్టింది.

“పోకుంటె పోలేదని రాయి. లేదని ఎట్ల రాస్తవ్?”

కోప్పడి ఉంటే బాగుండేది. అక్కడి నుంచే మా సార్‌కి ఫోన్ చేసి, చూడకుండా రాశానని ఒప్పుకున్నాను. తర్వాత అవ్వా నేనూ మూడు చోట్లా తొక్కాం, తవ్వాం. రెండింట్లో నీళ్ళు ఊరాయి, అడుగున పీట్ దొరికింది. ఉద్యోగం పోతే పోయిందనుకుని తప్పు దిద్దాను. ఉద్యోగం పోలేదు. ఆ రెండు చోట్లకూ లారీలు రాలేదు. మూడోది నిజంగానే పొడినేల, దాన్ని పూడ్చేశారు.

ఎల్లవ్వ పోయి రెండేళ్ళవుతోంది. మా డేటాబేసులో ఇప్పుడు ‘ఉంది’, ‘లేదు’ల పక్కన ‘వెళ్ళలేదు’ అని ఇంకో గడి ఉంది. అందరితో పోట్లాడి పెట్టించాను. దాన్ని ఎక్కువసార్లు నింపేది కూడా నేనే. నింపడానికి సిగ్గుపడను. మర్నాడు పొద్దున్నే ఆ చోటికి వెళ్తాను.